సౌండ్ పోయిన ఫైనల్

అవనిగడ్డ మొత్తం మా ఆయన్ని తిట్టిపోసిన సాయంత్రం ఒకటుంది. నేను మాత్రం ఆ సాయంత్రానికి బతికినన్నాళ్ళూ రుణపడి ఉంటాను.

మా ఆయన పేరు నాగుల్ మీరా. మాది కేబుల్ టీవీ. ఆయన స్తంభాలెక్కి వైర్లు చూసుకుంటారు, నేను ఇంటి ముందుగదిలో కంట్రోల్ రూమ్ చూసుకుంటాను. కంట్రోల్ రూమ్ అంటే ఏదో అనుకునేరు. ఒక కంప్యూటరు, గోడవారగా లైట్లు మిణుకుమిణుకుమనే డబ్బాలు, ఎప్పుడు చల్లబడుతుందో తనకే తెలియని ఒక ఏసీ, తిట్లు తినడానికి రెండు ఫోన్లు. బొమ్మ ఆగితే చాలు, రెండూ ఒకేసారి మోగుతాయి. బొమ్మ బాగున్న రోజున మాత్రం ఒక్కరు ఫోన్ చేసి "జహీదా గారూ, బొమ్మ బాగుందండీ" అన్న పాపాన పోలేదు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఒక్కరంటే ఒక్కరు లేరు.

మాకు సొంతంగా ఒక లోకల్ ఛానల్ ఉంది. పొద్దున్నే మోపిదేవి స్వామి అభిషేకం, మధ్యాహ్నం పాత పాటలు, సాయంత్రం పుట్టినరోజు శుభాకాంక్షలు. అడుగున స్క్రోలింగులో కరెంటు ఎప్పుడు తీస్తారో, కాలవకి నీళ్ళెప్పుడు వదులుతారో వస్తుంటుంది. ఆ స్క్రోలింగ్ రాసేది నేనే. అలాంటి ఛానల్లోకి బాస్కెట్‌బాల్ వచ్చిందంటే దానికి కారణం దుర్గ.

దుర్గ మా వెనక సందులో ఉండే శాంతి కూతురు. శాంతి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. తల్లి చూస్తే నా భుజం దాకా కూడా రాదు, కూతురు ఎనిమిదో తరగతికే మా గుమ్మం దగ్గర తల వంచేది. స్కూల్లో ఆటల టీచరు ఆ పొడుగు చూసి చేతికి బంతిచ్చారు. అంతే, ఇక వదల్లేదు. ఈ ఏడాది కొత్తగా ఆడపిల్లల ప్రొఫెషనల్ లీగ్ మొదలైతే, దుర్గని 'కృష్ణా క్వీన్స్' జట్టు తీసుకుంది. వాళ్ళ సొంత కోర్టు గుడివాడలో. దుర్గ చొక్కా మీద నంబరు పదకొండు.

ఊళ్ళో పండగ వాతావరణమే గానీ, చూద్దామంటే ఏ టీవీలోనూ మ్యాచ్ రాదు. స్పోర్ట్స్ ఛానళ్ళవాళ్ళకి క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉందని తెలిస్తే కదా. లీగ్ వాళ్ళు నెట్లో పెడతారు, అదొక్కటే దారి. మా దివిసీమలో నెట్ సంగతి మీకు చెప్పేదేముంది. దుర్గ చేతిలోంచి బంతి పైకి లేస్తుంది, సెల్లు మధ్యలో గుండ్రం తిరగడం మొదలవుతుంది. అది ఆగేసరికి అవతల జట్టువాళ్ళు బంతి పట్టుకుని పరిగెడుతుంటారు. పడిందో లేదో ఎవరికీ తెలియదు.

"మన ఛానల్లో వెయ్యొచ్చు కదా మీరా గారూ," అని అందరూ మా ఆయన్ని పట్టుకున్నారు.

అనుమతి లేకుండా వేస్తే కేసవుతుందని ఆయన భయం. నేనే క్వీన్స్ ఆఫీసుకి ఫోన్ చేశాను. అనుదీప్ అని ఒకతను ఎత్తాడు, ప్రచారం పనులు చూసేది అతనే.

"మీ ఛానల్‌కి వ్యూయర్‌షిప్ ఎంతుంటుంది మేడమ్?" అన్నాడు.

"చూసేవాళ్ళ సంగతి నాకు తెలీదు బాబూ. ఆగితే తిట్టేవాళ్ళు మాత్రం దివిసీమంతా ఉన్నారు," అన్నాను.

అతను పకపకా నవ్వాడు. నవ్వి ఊరుకోలేదు, పైవాళ్ళతో మాట్లాడి, మా లోకల్ ఛానల్లో వేసుకోవచ్చని కాగితం కూడా పంపించాడు. ఆ పిల్లాణ్ణి నేను ఇప్పటిదాకా చూడలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఏర్పాటు చాలా తేలిక. మా కంప్యూటర్లో మ్యాచ్ పెడతాం. దాని బొమ్మ ఒక వైరులోంచి మాడ్యులేటర్ అనే డబ్బాలోకి వెళ్తుంది. అక్కణ్ణించి ఇళ్ళకి పోతుంది. మా లైను గట్టిది కాబట్టి గుండ్రం తిరగడాలు లేవు. మొదటి మ్యాచ్ వేసిన రోజున బజారు ఖాళీ అయిపోయింది. వాలీబాల్, కబడ్డీ తప్ప ఎరగని జనం, బంతి రింగులో పడితే "పాయింట్!" అని అరుస్తున్నారు. ఎవరికి ఎన్ని వచ్చాయో లెక్క తెలియకపోయినా దుర్గ ఎప్పుడు కనపడుతుందో తెలుసు, అది చాలు వాళ్ళకి.

టీవీలో చూసినవాళ్ళు ఊరుకుంటారా, గుడివాడకి బస్సు కట్టారు. కట్టించింది ఎరువుల కొట్టు రామబ్రహ్మం గారు. అందరికీ ఆయన మావయ్యే. ఆయన కొట్లో కూర్చుని మాట్లాడితే పులిగడ్డలో వినపడుతుందంటారు. ఆ గొంతుతో కోర్టు పక్కన నిలబడి ఆయన, ఆయన వెనక బస్సెడు జనం. అవతలి జట్టు పిల్లలు చెవులు మూసుకునేవాళ్ళు.

చిక్కంతా ఫ్రీ త్రో దగ్గర వచ్చింది. ఎదటివాళ్ళు తప్పుగా అడ్డం వస్తే, గీత దగ్గర ఒక్కతే నిలబడి, ఎవరూ మీదికి రాకుండా బంతి వేసుకోనిస్తారు, అదీ ఫ్రీ త్రో. అక్కడ మనసు నిలకడగా ఉండాలి. మనవాళ్ళేమో సరిగ్గా అప్పుడే, "కొట్టు దుర్గా! కొట్టెయ్ తల్లీ!" అని ఈలలు, డప్పులు. ఆ మ్యాచ్‌లో దుర్గ వేసిన ఫ్రీ త్రోలన్నీ బయటే పడ్డాయి.

మర్నాడు నాకు ఫోన్ చేసింది. "ఆంటీ, మావయ్యకి నేను చెప్పలేను, ఫీలవుతారు. మీరే ఎలాగోలా చెప్పండి. నేను గీత దగ్గర నిలబడినప్పుడు మాత్రం ఎవరూ నోరు విప్పొద్దని."

నేను ఎలాగోలా చెప్పే మనిషిని కాను. స్క్రోలింగ్ వేశాను. 'దుర్గ అభిమానులకు విజ్ఞప్తి. ఫ్రీ త్రో వేయునప్పుడు దయచేసి అందరూ పూర్తి నిశ్శబ్దం పాటించవలెను.' కాలవ నీళ్ళకీ కరెంటు కోతకీ మధ్య వారం రోజులూ తిరిగింది.

రామబ్రహ్మం గారు చరచరా మా ఇంటికి వచ్చారు. "ఏంటి జహీదమ్మా ఇది! మన పిల్ల ఆడుతుంటే మనం నోరు మూసుకు కూర్చోవాలా? అయితే గుడివాడ దాకా వెళ్ళడం దేనికి, ఇంట్లోనే పడుకోవచ్చుగా?"

"దుర్గే అడిగింది మావయ్యా," అన్నాను.

"ముందే ఆ మాట చెప్పొచ్చుగా," అని వెళ్ళిపోయారు. తరవాతి ప్రయాణంలో పామర్రు దాటినప్పటినుంచీ బస్సులో అందరిచేతా ప్రాక్టీస్ చేయించారట. ఆయన చెయ్యెత్తితే నిశ్శబ్దం, చెయ్యి దించితే అరుపులు. మనవాళ్ళు పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు కూడా మాట్లాడుకుంటూనే ఉంటారు. అలాంటివాళ్ళు ఒక పిల్ల కోసం మౌనం నేర్చుకున్నారు. నాకైతే జట్టు గెలవడం కన్నా అదే గొప్పగా అనిపించింది.

ఇంతమంది చూస్తున్నా, దుర్గ ఆట చూడని మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది. శాంతి.

దుర్గ తొమ్మిదో తరగతిలో ఉండగా చల్లపల్లిలో స్కూళ్ళ పోటీలు జరిగాయి. షెడ్డుకి సెలవు పెట్టి శాంతి వెళ్ళింది. కూతురు గాల్లోకి లేచి బంతి వేస్తుంటే పట్టలేక, "అమ్మో, ఎంత బాగా ఎగురుతోందో నా తల్లి!" అని పైకే అనేసింది. మరుక్షణం దుర్గ కింద పడింది. మణికట్టు విరిగింది. ఇక అంతే. తల్లి దిష్టి అన్నిటికన్నా చెడ్డదని శాంతికి స్థిరపడిపోయింది. మా ఇంట్లో నజర్ అంటాం, వాళ్ళింట్లో దిష్టి అంటారు, రెండిళ్ళలోనూ పొయ్యిలో పడేవి ఆ ఎండుమిరపకాయలే కాబట్టి నేను ఎక్కువ వాదించలేను. కానీ ఇంత పట్టుదలా? దుర్గ ఊరెళ్ళేటప్పుడల్లా శాంతి దాని మొహం చుట్టూ చేతులు తిప్పి, తన కణతలకి ఆనించి పదివేళ్ళూ మెటికలు విరుస్తుంది. ఆట ఉన్నరోజు టీవీ ఉన్న ఇంటి వైపు కూడా రాదు.

దుర్గకిది తెలుసు. తెలిసినా మనసుకి కష్టంగానే ఉండేది. ఫైనల్ ముందురోజు ఫోన్లో నాతో, "అందరి అమ్మలూ ముందు వరసలో కూర్చుంటారాంటీ. మా అమ్మ టీవీలో కూడా చూడదు. నేను ఆడేది ఏంటో మా అమ్మకి తెలీదు," అంది. గొంతు మామూలుగానే పెట్టింది గానీ, నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆ సాయంత్రమే శాంతి ఇంటికెళ్ళి కడిగేశాను. "నీ కూతురు నిన్నేం అడిగింది? చీర అడిగిందా, నగ అడిగిందా? ఒక్కసారి చూడమంది. ఈ ఏడాదికి ఇదే ఆఖరి ఆట."

"చూస్తే పడిపోతుందక్కా," అంది శాంతి. అంత చిన్న గొంతుతో అంటే ఇంక ఏం తిడతాం.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మా కంట్రోల్ రూమ్‌కి వస్తుంది. తెర వైపు వీపు పెట్టి కూర్చుంటుంది. చూడదు, వింటుంది. "వినడానికి దిష్టి ఉండదు కదక్కా?" అని రెండుసార్లు అడిగింది. ఉండదని గట్టిగా చెప్పాను. నాకేం తెలుసు!

ఫైనల్ గుడివాడలోనే, వైజాగ్ జట్టుతో. బస్సులు రెండయ్యాయి. ఇక్కడ ఊళ్ళో టీ కొట్ల దగ్గర కుర్చీలు వేశారు. శాంతి షెడ్డు నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నట్టే గోడ వైపు తిరిగి కూర్చుంది. ఉత్త చేతులతో కూర్చోలేదు ఆ మనిషి, అందుకని చిక్కుడుకాయలు ఇచ్చి ఈనెలు తీయమన్నాను. కామెంటరీ చెప్పే అమ్మాయి 'దుర్గ' అన్నప్పుడల్లా ఒక కాయ ఎక్కువ తుంచేది.

ఆట పోటాపోటీగా సాగింది. ఆఖరి సెకన్లకి వచ్చేసరికి స్కోరు సమానం. దుర్గ బంతితో పైకి లేచింది. వైజాగ్ జట్టులో దుర్గ కన్నా పొడుగు పిల్ల ఒకతి వెనకనుంచి వచ్చి గుద్దుకుంది.

"దుర్గ పడిపోయింది!" అంది కామెంటరీ అమ్మాయి.

జనమంతా 'అయ్యో' అన్నారు. తరవాత ఈల వినపడింది. ఆ తరవాత ఏమీ వినపడలేదు.

నాకు తెలుసు ఏం జరిగిందో. దుర్గ లేచి నిలబడింది, రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు, రామబ్రహ్మం గారు చెయ్యెత్తారు. రెండు బస్సుల జనమూ నోళ్ళు మూసుకున్నారు. వాళ్ళని చూసి గుడివాడ వాళ్ళూ మూసుకున్నారు. కామెంటరీ అమ్మాయి కూడా ఆగిపోయింది. పక్కనే ఉన్న రామబ్రహ్మం గారు ఆ పిల్ల వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టారని తరవాత తెలిసింది.

అప్పుడే నా రెండు ఫోన్లూ మోగాయి.

"జహీదా గారూ, సౌండ్ పోయిందండీ!"

"సౌండ్ రావట్లేదమ్మా, సరిగ్గా ఇప్పుడే పోవాలా!"

ఒకటి పెట్టేలోపు ఇంకొకటి. నా స్క్రోలింగ్ చదివినవాళ్ళే, వారం రోజులు కాలవ నీళ్ళ పక్కన చదివినవాళ్ళే! "సౌండ్ పోలేదు మహాప్రభో, జనం నోరు మూసుకున్నారు!" అని ఫోన్లో అరుస్తున్నాను. ఇంతలో మా ఆయన బయటనుంచి పరిగెత్తుకొచ్చారు. ఆయన సెల్లూ మోగిపోతోంది. ఏ రోగానికైనా ఆయనకి తెలిసిన మందు ఒక్కటే, ఆపి మళ్ళీ వేయడం. నేను ఫోన్ పడేసి చెయ్యి పట్టుకునే లోపే మాడ్యులేటర్ స్విచ్చి తీసేశారు.

అవనిగడ్డలో ప్రతి టీవీ నల్లబడింది. ఆ డబ్బా ఒకసారి ఆగిందంటే, లేచి లైట్లన్నీ వెలిగేదాకా బొమ్మ వెళ్ళదు. మా ఆయన దాని ముందు వంగి ఎర్రలైటు పచ్చగా మారడం కోసం చూస్తున్నారు. మా కంప్యూటరులో మాత్రం మ్యాచ్ నడుస్తూనే ఉంది, అది మాడ్యులేటర్‌కి ముందున్నది కదా.

"అక్కా," అంది శాంతి. చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉంది. "పడిపోయిందన్నారు. ఎవరూ మాట్లాడరేంటక్కా? నా పిల్లకేమైంది?"

నేను జవాబు చెప్పేలోపే, ఒళ్ళో కాయలన్నీ కింద పోసేసి, వెనక్కి తిరిగింది.

తెర మీద దుర్గ. చేతిలో బంతి. నుదుటి మీద చెమట. చుట్టూ అంతమంది జనం, ఒక్కరి పెదవీ కదలడం లేదు. ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. రామబ్రహ్మం గారి చెయ్యి పైకెత్తి ఉంది.

"బాగానే ఉందే నీ కూతురు," అన్నాను. "బంతి సరిగా వేసుకోవాలని అందరూ మౌనంగా ఉన్నారు. దాని కోసమే."

"అంతమందా?" అంది శాంతి. "అంతమందీ నా పిల్ల కోసమేనా?" ఆ జనానికి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది.

దుర్గ బంతి వేసింది. రింగు అంచుకి తగిలి బయట పడింది.

"చూశానుగా," అంది శాంతి. మొహం పాలిపోయింది. "నేను చూశాను కాబట్టే!" అని కొంగు లాక్కుని మొహానికి కప్పుకుంది. నాకు ఆ క్షణంలో నా మీద నాకే కోపం వచ్చింది, అనవసరంగా పిలిచానని. ఆమె మళ్ళీ గోడ వైపు తిరిగిపోతే ఇక ఈ జన్మలో చూడదు.

కానీ తిరగలేదు. కొంగు పక్కనుంచి ఒక కన్ను మాత్రం తెర మీదే ఉంది.

రెండో బంతి చేతికిచ్చారు. దుర్గ వెంటనే వేయలేదు. బంతిని మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది. రెండు చేతులూ మొహం చుట్టూ తిప్పుకుని, పిడికిళ్ళు కణతలకి ఆనించి, మెటికలు విరుచుకుంది. అంత నిశ్శబ్దంలో ఆ చప్పుడు మైకులో కూడా వచ్చింది. పాపం ఆ పిల్లకి తలనొప్పేమోనని తరవాత నెట్లో ఎవరో రాశారట.

శాంతి కొంగు జారిపోయింది. "అది నేను చేసేదక్కా," అంది. "నేను దానికి చేసేది."

ఇప్పుడు రెండు కళ్ళతోనూ చూస్తోంది. దుర్గ బంతి ఎత్తింది, వేసింది. అది ఎక్కడా తగల్లేదు, వల కదిలింది, అంతే. ఆ ఒక్క పాయింటుతోనే మనవాళ్ళు గెలిచారు. రామబ్రహ్మం గారి చెయ్యి దిగింది. గుడివాడలో లేచిన అరుపుకి మా కంప్యూటరు స్పీకర్లు బరబరలాడాయి. శాంతి నన్ను కావలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడం దేనికి. మా ఆయన అప్పుడు తలెత్తి, "పచ్చలైటు వచ్చింది," అన్నారు.

వాకిట్లో అప్పటికే గోల. టీ కొట్ల జనం మా ఇంటి మీదికి వచ్చిపడ్డారు. "ఏమైందండీ? పడిందా లేదా? మీరా గారూ, ఇదేం పనండీ!" మా ఆయన మొహం చూడాలి. డబ్బా మీద వంగి ఉన్నారు కాబట్టి ఆయనా చూడలేదు. ఊళ్ళో ఆ రెండు బంతులూ చూసినవాళ్ళం నేనూ, శాంతీ.

"శాంతిని అడగండి," అన్నాను.

నలుగురిలో నోరెత్తి ఎరగని మనిషి మా అరుగు మీద నిలబడింది. మొదటి బంతి ఎలా తప్పిందో, జనం ఎలా ఊపిరి బిగబట్టారో, కూతురు చేతులు ఎలా ఎత్తిందో, తను కూడా ఎత్తి చూపించింది. "ఎంత బాగా వేసిందో నా తల్లి!" అంది. అని, ఒక్క క్షణం ఉలిక్కిపడింది. తరవాత నవ్వేసింది. వెనకవాళ్ళకి వినపడలేదంటే మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఆ రాత్రి మేం రీప్లే వేశాం గానీ, శాంతి చెప్పినదే బాగుందన్నారు అందరూ. మా ఆయన్ని తిట్టడం మాత్రం మానలేదు.

జనం సర్దుకున్నాక కంట్రోల్ రూమ్ ఫోన్ మోగింది. ఇంకా ఎవరు తిట్టడం మిగిలారా అనుకుంటూ ఎత్తాను. దుర్గ. స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాను.

"అమ్మా, చూశావు కదూ?" అంది.

శాంతి బిత్తరపోయింది. "నీకెవరు చెప్పారే?"

"ఎవరో చెప్పాలా? మొదటి బంతి తప్పగానే అనుకున్నాను, మా అమ్మ చూస్తోందని! అందుకే మెటికలు విరుచుకున్నా."

"నా మూలంగా తప్పిందని కోపం రాలేదా తల్లీ?"

"కోపమేంటమ్మా. బంతి తప్పితే అంత సంతోషం ఎప్పుడూ వెయ్యలేదు నాకు."

శాంతి ఆ ఫోన్ చుట్టూనే రెండు చేతులూ తిప్పింది. కణతలకి ఆనించుకుని పదివేళ్ళూ ఒక్కసారిగా విరిచింది.

"వినపడిందమ్మా," అంది దుర్గ, నవ్వుతూనో ఏడుస్తూనో. "సౌండ్ చాలా బాగుంది."

ఇన్నేళ్ళలో మా కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి ఆ మాట అన్న మొదటి మనిషి ఆ పిల్లే.